చెర వీడిన తరువాత అరవై రెండేళ్లు

యుద్ధ చరిత్రను తరగతిలో బోధించేటప్పుడు సాధారణంగా పాఠం సంధిపత్రంపై సంతకాలు జరిగిన తేదీతో ముగుస్తుంది. విద్యార్థి పుస్తకం మూసివేస్తాడు, ఉపాధ్యాయుడు మరుసటి అధ్యాయానికి వెళతాడు. కాని ముళ్ల కంచె దాటి ప్రాణాలతో వెలుపలికి వచ్చిన మనిషికి ఆ తేదీ తరువాత ఒక మరునాడు ఉన్నది. ఆ మరునాడు అతడు ఎక్కడికి వెళ్లాడు, ఏ పని చేతబట్టాడు అనే సంగతి పాఠ్యపుస్తకాలలో అరుదుగా కనిపిస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనీ నాజీల చెరలో ఐదున్నర సంవత్సరాలు గడిపి, విడుదలైన తరువాత ఆఫ్రికా ఖండంలో అరవై ఏళ్లకు పైగా సేవచేసిన ఒక కథోలిక గురువు జీవితం అటువంటి మరునాటి చరిత్ర.

ఆయన పేరు ఆదాం కొజ్వొవియెత్స్కీ. పోలండు దేశస్థుల పేర్లు మన నాలుకకు ఒక పట్టాన లొంగవు. వారి లిపిలో అడ్డగీత ఉన్న 'ల'కారాన్ని 'వ'గా పలుకుతారు. అందుచేత పుస్తకాలలో ఈ పేరు ఒక విధంగా కనిపించి, మరొక విధంగా వినిపిస్తుంది. ఆయన 1911 ఏప్రిల్ 1న హూతా కొమొరొవ్స్కా అనే పల్లెలో, భూవసతి గల కుటుంబంలో జన్మించారు. అప్పటికి పోలండు అనే రాజ్యం లేదు. ఆ ప్రాంతం ఆస్ట్రియా–హంగరీ సామ్రాజ్యంలో భాగంగా ఉండేది. బాలుడు మొదట ఖిరూవ్‌లోని జెస్యూట్ సభవారి విద్యాలయంలో చదివాడు. తానూ ఆ సభలో చేరాలని అతడు తలచినందుకు తండ్రి ఇష్టపడక, పోజ్నాన్ నగరంలోని వేరొక పాఠశాలకు మార్పించారు. పిల్లవాని మనసు మార్చడానికి పాఠశాల మార్చిన తండ్రులు మన ప్రాంతాలలోనూ లేకపోలేదు! ఆ ప్రయత్నం ఫలించలేదు. 1929లో ఆదాం జెస్యూట్ సభలో ప్రవేశించి, తత్త్వశాస్త్రం, వేదాంతం అభ్యసించి, 1937 జూన్ 24న లుబ్లిన్ నగరంలో గురుపట్టం పొందారు.

గురువుగా ఆయనకు దక్కిన ప్రశాంత కాలం రెండేళ్లు మాత్రమే. 1939 సెప్టెంబరు 1న జర్మనీ సైన్యం పోలండులో ప్రవేశించింది. ఆక్రమించిన దేశంలో నాజీలు ముందుగా దృష్టి సారించినది ఆయుధాలు పట్టినవారి మీద మాత్రమే కాదు. చదువు చెప్పేవారు, గ్రంథాలు రాసేవారు, ఆలయాలలో ప్రసంగించేవారు వారి దృష్టిలో అంతకంటె ప్రమాదకరులు. ఒక జాతిని బానిసగా ఉంచదలచినవాడు ఆ జాతి గురువులను ముందు తొలగిస్తాడు. క్రాకో నగరంలో 1939 నవంబరు 6న యాగెల్లోనియన్ విశ్వవిద్యాలయ ఆచార్యులను సమావేశం పేరుతో పిలిపించి, 183 మందిని నిర్బంధించారు. నాలుగు రోజుల తరువాత, నవంబరు 10న, అదే నగరంలోని జెస్యూట్ మఠానికి గెస్టాపో పోలీసులు వచ్చారు. ఆనాడు కొనిపోబడిన ఇరవై ఐదుగురిలో ఇరవై ఎనిమిదేళ్ల ఫాదర్ ఆదాం ఒకరు. ఆయనపై నేరారోపణ లేదు, విచారణ లేదు, శిక్షాకాలం కూడా నిర్ణయించలేదు.

క్రాకోలోని మోంతెలుపిఖ్ కారాగారం, తరువాత విష్నిచ్ కారాగారం, అటుపైన 1940 జూన్ 20న ఆష్విట్జ్. ఆ పేరు ఈనాడు ప్రపంచమంతటా వినబడుతుంది. కాని ఆనాటికి ఆ శిబిరం తెరచి వారం రోజులు కూడా నిండలేదు. తార్నూవ్ నుండి జూన్ 14న వచ్చిన 728 మంది పోలండు ఖైదీల తరువాత చేరిన రెండవ జట్టు విష్నిచ్ నుండి వచ్చిన వీరిదే. ఫాదర్ ఆదాంకు 1006 అనే సంఖ్య కేటాయించారు. ఆ సంవత్సరం డిసెంబరులో ఆయనను జర్మనీలోని డాఖౌ శిబిరానికి తరలించగా, అక్కడ ఆయన 22187 అయినారు.

డాఖౌ గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. వేర్వేరు శిబిరాలలో చెదరి ఉన్న మతగురువులను 1940 చివర నుండి నాజీలు అక్కడికి చేర్చసాగారు. యుద్ధకాలం మొత్తంమీద అక్కడ బంధింపబడిన మతగురువులు సుమారు 2,720 మంది. వారిలో కథోలికులే 2,579 మంది. ప్రొటెస్టెంటు, ఆర్థొడాక్స్ తదితర శాఖలవారూ ఉన్నారు. పోలండు గురువులు 1,780 మంది కాగా, వారిలో 868 మంది, అనగా దాదాపు సగం మంది, అక్కడే మరణించారు. 1941 జనవరిలో ఇరవై ఆరవ పాకలో ఒక చిన్న ప్రార్థనాలయానికి అనుమతి లభించింది. కాని ఆ సెప్టెంబరులో పోలండువారిని వేరుచేసి ఇరవై ఎనిమిదవ పాకలో ఉంచి, ఆ ప్రార్థనాలయంలో అడుగుపెట్టరాదని నిషేధించారు. జర్మను గురువు పూజ చేయవచ్చు, పక్క పాకలోని పోలండు గురువు చేయరాదు. ఇద్దరిదీ ఒకే మతం, ఒకే మంత్రం. అయినా జాతిని బట్టి దేవుని ద్వారం కూడా మూయవచ్చునని నాజీలు భావించారు. రొట్టె, ద్రాక్షరసం రహస్యంగా చేతులు మారి, పొలం పనిలో వంగి ఉన్న గురువుల మధ్య దివ్యబలిపూజ గుసగుసగా సాగిన సందర్భాలు అక్కడి నుండి బయటపడినవారు రాసిన గ్రంథాలలో కనిపిస్తాయి.

1942వ సంవత్సరం అక్కడ ఆకలి సంవత్సరం. ఔషధ మొక్కలు పెంచే తోటలో ఎండనక, వాననక చాకిరీ. ఆహారం పలుచని చారు. ఆ సంవత్సరాంతంలో ఇంటి నుండి ఆహారపు పొట్లాలు తెప్పించుకొనేందుకు అనుమతి లభించే వరకు మరణాలు తగ్గలేదు. క్లౌస్ షిల్లింగ్ అనే వైద్యుడు మలేరియా పరిశోధన పేరుతో ఖైదీలకు బలవంతంగా జ్వరం తెప్పించాడు. అతని చేతిలో పడినవారిలో పోలండు గురువులు అనేకులు. 1944–45 చలికాలంలో టైఫస్ జ్వరం పాకలను తుడిచిపెడుతూ ఉండగా, కాపలావారు సైతం లోపలికి రావడానికి జంకిన వేళ, కొందరు గురువులు తమంతట తాము ముందుకు వచ్చి రోగులకు శుశ్రూష చేశారు. వారిలో పలువురు తిరిగి రాలేదు.

1945 ఏప్రిల్ 29వ తేదీ ఆదివారం. ఆనాటి సాయంకాలం అమెరికా సైనికులు శిబిరంలో ప్రవేశించారు. నిర్బంధింపబడిన నాటినుండి లెక్కిస్తే ఫాదర్ ఆదాం చెరలో గడిపిన దినాలు 1,997. రెండు వేలకు మూడు తక్కువ. అప్పుడాయన వయస్సు 34.

ఇక్కడితో సాధారణంగా కథ ముగుస్తుంది. ఫాదర్ ఆదాం విషయంలో ఇక్కడే మొదలైనది.

చెర వీడిన పోలండు గురువుల ముందు సులభమైన దారులేవీ లేవు. స్వదేశం శిథిలమై ఉన్నది. ఒక పరాయి సేన వెళ్లగా మరొక పెద్ద రాజ్యపు నీడ పడింది. అయినప్పటికీ అనేకులు తిరిగి వెళ్లారు. డాఖౌలో వైద్య ప్రయోగాలకు గురైన కాజిమియెజ్ మైదాన్స్కీ వంటివారు స్వదేశంలో మేత్రాణులై, దీర్ఘకాలం సేవలందించారు. ఫాదర్ ఆదాం రోమునగరం చేరి, 1945 ఆగస్టులో జెస్యూట్ సభలో తుది వాగ్దానాలు చేశారు. ఆ సమయంలోనే పెద్దల నుండి ఒక కోరిక వచ్చింది. ఆఫ్రికాలో ఉత్తర రొడీషియా అనే ప్రాంతంలో పోలండు జెస్యూట్‌లు నడుపుతున్న సేవాకేంద్రాలకు యుద్ధకాలమంతా కొత్తవారు రాలేదు. ఉన్నవారు వృద్ధులై, అలసిపోయి ఉన్నారు. వెళ్లగలరా అన్నది ప్రశ్న.

ఐదున్నరేళ్లు ఇంటి ముఖం చూడని మనిషిని ఇల్లు దాటి మరొక ఖండానికి వెళ్లమనడం న్యాయమేనా అని చదువరులకు తోచవచ్చు. తోచడం సహజమే. పెద్దలు ఆయనను ఆజ్ఞాపించలేదు, అడిగారు. ఆయన అంగీకరించారు. చెరలో ఉన్నంతకాలం ఆయన పేరు బదులు సంఖ్యకు జవాబు చెప్పి, పొమ్మన్నచోటికి పోయారు. ఇప్పుడు తొలిసారిగా, కాదనగల స్వేచ్ఛ ఉండి కూడా అవునన్నారు. ఈ రెండు ప్రయాణాల మధ్యనున్న భేదమే ఆయన తరువాతి జీవితానికి తాళపుచెవి.

1946 ఏప్రిల్‌లో ఆయన లుసాకా సమీపంలోని కసీసి చేరారు. అక్కడ పోలండువారికి ఆయన తొలి అతిథి కారు. 1940–41లో సోవియట్ రష్యాకు బలవంతంగా తరలింపబడి, 1942లో ఇరాను మీదుగా బయటపడిన వేలాది పోలండు స్త్రీలకు, పిల్లలకు ప్రపంచం నలుమూలలా ఆశ్రయం కల్పించవలసి వచ్చింది. ఉత్తర రొడీషియాలో లుసాకా, అబెర్కార్న్ మొదలైన చోట్ల వారికి శిబిరాలు ఏర్పడ్డాయి. ఆ ప్రవాహంలోని మరొక పాయ మన దేశానికే వచ్చింది. నవానగర్ మహారాజు దిగ్విజయసింహ్‌జీ బాలాచడిలో అనాథ బాలలకు ఆశ్రయమిచ్చారు. మహారాష్ట్రలో కొల్హాపూరు చెంతనున్న వలివడెలో 1943 నుండి 1948 వరకు కొన్ని వేలమంది పోలండువారు పాఠశాలలు, ఆలయం, బజారు ఏర్పరచుకొని జీవించారు. పరాయి నేలపై సొంత భాషలో బడి నడపడం అంటే ఏమిటో వలివడె పంతులమ్మలకు తెలిసినంతగా, తరతరాలుగా ఇతర రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగువారికీ తెలుసు.

కసీసి సేవాకేంద్రాన్ని 1905లో స్థాపించినవారు జూల్స్ తొరాఁ అనే ఫ్రెంచి జెస్యూట్. ఆయన బాంతు భాషలకు వ్యాకరణం రచించిన పండితుడు. అదే సంవత్సరం దక్షిణాన చికూని కేంద్రాన్ని ప్రారంభించిన ఫాదర్ జోసెఫ్ మోరో అక్కడి తోంగా రైతులకు ఎడ్లతో నాగలి దున్నడం నేర్పారు. వ్యాకరణం ఒకచోట, నాగలి మరొకచోట. ఈ రెండూ కలిసిన సేవ అది. పోలండు మఠకన్యలు 1920లలోనే కసీసిలో అనాథ శిశువుల గృహాన్ని చేపట్టారు. ఫాదర్ ఆదాంకు అక్కడ ముఖ్యంగా అప్పగింపబడినది పాఠశాలల పని.

ఆ పని ఎంత కష్టమైనదో గ్రహించాలంటే ఆ దేశపు విద్యాస్థితిని తెలుసుకోవాలి. రాగి గనుల వలన ఉత్తర రొడీషియా బ్రిటిషు వారికి గొప్ప ఆదాయం తెచ్చింది. కాని ఆ ఆదాయంలో ఆఫ్రికన్ పిల్లల చదువుకు చేరినది స్వల్పం. పల్లెబడులలో అత్యధిక భాగం క్రైస్తవ సేవాసంఘాలే నడిపేవి. ఆఫ్రికన్ బాలురకు ప్రభుత్వ మాధ్యమిక పాఠశాల మునాలిలో వెలసినది 1939లో. చికూనిలో జెస్యూట్‌లు కనీసియస్ మాధ్యమిక పాఠశాల నెలకొల్పినది 1949లో. 1964లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆ దేశమంతటిలోను పట్టభద్రులైన స్వదేశీయులు సుమారు నూరుమంది. మాధ్యమిక విద్య పూర్తిచేసి యోగ్యతాపత్రం పొందినవారు సుమారు 1,200 మంది. మన దేశంలో ఒక్క తాలూకా కేంద్రంలో లభించే సంఖ్య అది. మట్టి గోడల పల్లెబడి, ఒక ఉపాధ్యాయుడు, నాలుగు తరగతులు. అటువంటి బడులను చుట్టివచ్చే పర్యవేక్షకుడు చాలా దూరాలు ప్రయాణించవలసి ఉండేది.

అయితే సేవాసంఘాల బడులను గురించి ప్రశంస మాత్రమే చేస్తే చరిత్ర పూర్తికాదు. అవి అక్షరం నేర్పాయి, నిజమే. కాని అధికారమంతా శ్వేతజాతీయుల చేతిలోనే ఉంచిన వలస వ్యవస్థలో ఒక భాగంగా కూడా అవి నడిచాయి. ఆ దేశంలో వర్ణభేదం బహిరంగంగానే అమలులో ఉండేది. దుకాణంలోకి ఆఫ్రికన్ ప్రవేశించరాదు. గోడలోని కిటికీ వద్ద నిలబడి, ఇచ్చినది పుచ్చుకొని పోవాలి. జాతిని బట్టి పాకలు వేరుచేసిన శిబిరంలో బ్రతికి వచ్చిన మనిషికి ఆ కిటికీ అర్థం వివరించవలసిన అవసరం లేదు. 1958లో ఉత్తర రొడీషియా కథోలిక మేత్రాణులు జాతి వివక్షను ఖండిస్తూ ఉమ్మడి లేఖ వెలువరించారు. అప్పటికి ఫాదర్ ఆదాం వారిలో ఒకరు. 1950లో లుసాకా ప్రాంత పాలనాబాధ్యత ఆయనకు అప్పగించారు. 1955లో మేత్రాణులుగా అభిషిక్తులయ్యారు. 1959లో లుసాకా అగ్రపీఠంగా ఏర్పడినప్పుడు దానికి తొలి అగ్రపీఠాధిపతి అయ్యారు. 1962 నుండి 1965 వరకు జరిగిన రెండవ వాటికన్ మహాసభలో పాల్గొన్నారు. ఆ మధ్యకాలంలోనే, 1962లో, దక్షిణ ప్రాంతం మోంజె మేత్రాసనంగా విడిపోయి ఐరిష్ జెస్యూట్‌ల చేతికి వెళ్లింది. పదవుల పట్టిక ఇంతటితో చాలు.

1964 అక్టోబరు 24న ఉత్తర రొడీషియా జాంబియాగా స్వతంత్రమైనది. తొలి అధ్యక్షులు కెన్నెత్ కౌండా స్వయంగా పాఠశాల ఉపాధ్యాయులు. ఆయన తండ్రి కూడా క్రైస్తవ సేవాసంఘంలో ఉపాధ్యాయులే. గాంధీ మహాత్ముని అహింసామార్గం తనను ప్రభావితం చేసినదని కౌండా పలుమార్లు చెప్పుకున్నారు. కొత్త జెండా ఎగిరింది, కొత్త మంత్రులు వచ్చారు. అయితే రాజధాని అగ్రపీఠంపై ఇంకా ఒక ఐరోపా దేశీయుడే ఆసీనులై ఉన్నారు. ఈ అసంగతం అందరికంటె ముందు గమనించినవారు ఆ పీఠంలో ఉన్న వ్యక్తే. స్వతంత్ర దేశపు సంఘానికి ఆ దేశీయుడే నాయకుడు కావాలని, తనను విడుదల చేయమని ఆయన రోమునగరాన్ని పదేపదే కోరారు. పదవి కోసం రాసిన అర్జీలు లోకంలో కోకొల్లలు. దిగిపోతానని రాసే అర్జీ అరుదు. అది అంత త్వరగా ఆమోదం పొందదని కూడా ఈ ఉదంతం వలన తెలుస్తున్నది. 1969లో అనుమతి లభించింది. ఆయన స్థానంలో నియమితులైన ఇమ్మానుయేల్ మిలింగోను, ఆ ఆగస్టులో ఉగాండాలోని కంపాలాకు వచ్చిన ఆరవ పౌలు పోపు స్వయంగా అభిషేకించారు. ఆ వారసుని జీవితం తరువాత వివాదాలతో నిండినది, కాని అది వేరొక కథ. వారసుడు ఎటువంటివాడవుతాడో ముందుగా తెలిసి పీఠం విడిచేవారు ఎవరూ ఉండరు.

అప్పటికి ఆయన వయస్సు 58. పోలండుకు తిరిగి వెళ్లి గౌరవంగా విశ్రమించవచ్చు. రోములో ఏదైనా పదవి లభించవచ్చు. లుసాకాలోనే ఉండి కొత్త అగ్రపీఠాధిపతికి సలహాలు చెప్పవచ్చు. ఇది మూడింటిలోనూ చెడ్డది. పాత ప్రధానోపాధ్యాయుడు పదవీవిరమణ తరువాత నిత్యం బడికి వచ్చి కూర్చుంటే కొత్తవారి అవస్థ ఎటువంటిదో పాఠశాలలవారికి చెప్పనక్కరలేదు. ఆయన ఆ మూడింటిలో ఒకటీ ఎన్నుకోలేదు. కొండల చరియ దిగి చేరవలసిన చింగోంబె అనే మారుమూల సేవాకేంద్రానికి సాధారణ గురువుగా వెళ్లారు. వానాకాలంలో ఆ దారి గురించి చెప్పకపోవడమే మేలు. నిన్నటి వరకు తన సంతకంతో గురువులను బదిలీ చేసిన వ్యక్తి, నేడు ఒక విచారణలో పూజ చేసి, జ్ఞానస్నానాలు ఇచ్చి, రోగులను పరామర్శిస్తూ ఉన్నారు. చింగోంబె తరువాత ముంబ్వా తదితర కేంద్రాలలో, చివరకు ఎంపుండేలో ఇదే విధంగా దశాబ్దాలు గడిచాయి.

ఆయన తన చెరకాలపు అనుభవాలను గ్రంథంగా రచించారు. 'పీడన, యాతన' అని అర్థమిచ్చే పేరుతో అది 1967లో క్రాకోలో వెలువడింది. తనను బంధించి తీసుకుపోయిన నగరంలోనే ఆ పుస్తకం అచ్చు కావడం యాదృచ్ఛికమే అయినా, గమనింపదగినది. ఆనాడు ఆచార్యులు నిర్బంధితులైన యాగెల్లోనియన్ విశ్వవిద్యాలయంలో 1939లో ఒక పందొమ్మిదేళ్ల సాహిత్య విద్యార్థి ఉండేవాడు. పేరు కరోల్ వొయ్తివా. అతడే తరువాత రెండవ జాన్ పాల్ పోపు అయ్యారు.

ఆ పోపు 1998 ఫిబ్రవరి 21న ఎంపుండేలోని వృద్ధ గురువును కార్డినల్‌గా ప్రకటించారు. అప్పటికాయన 86 ఏళ్లవారు. ఎనభై దాటిన కార్డినల్‌కు పోపు ఎన్నికలో ఓటు ఉండదు. కనుక ఆ ఎర్రటోపీ వెంట అధికారమేదీ రాలేదు. రోములో ఉత్సవం ముగిసిన తరువాత ఆయన తిరిగి జాంబియాకే ప్రయాణమయ్యారు. 2007 సెప్టెంబరు 28న లుసాకాలో, తన 96వ ఏట, కన్నుమూశారు. పుట్టిన పల్లె హూతా కొమొరొవ్స్కాలో ఈనాడు ఆయన పేరిట ఒక ప్రదర్శనశాల ఉన్నది. సమాధి మాత్రం లుసాకాలో ఉన్నది.